గుణదలలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం

ఆ రోజుల్లో మా బెజవాడ సభల్లో విషయం ఏదైనా, సగం సభ శాలువాలు కప్పడంతోనే గడిచిపోయేది. (ఇప్పుడు తగ్గిందని నేననను. కప్పించుకునే వాళ్ళలో ఇప్పుడు నేనూ ఉన్నాను.) విశ్వవిద్యాలయంలో విదేశీ వ్యవహారాల విభాగంలో కొత్తగా చేరిన రోజులవి. విభాగమంటే ఒక బల్ల, ఒక ఫోను, నేను. ప్రపంచ దేశాల సంబంధాలన్నీ నా మీదే ఆధారపడ్డాయని గట్టిగా నమ్మి, మంగళగిరి చీర కట్టుకుని, ఇంట్లో అమ్మతో కూడా ఇంగ్లీషులో మాట్లాడబోయి చీవాట్లు తినేదాన్ని.

ఆ ఏడు మా వీసీ గారు నెదర్లాండ్స్, వియత్నాం, జపాన్‌ల నుంచి మూడు పెద్ద పరిశోధనా విశ్వవిద్యాలయాల అధిపతుల్ని రప్పించారు. సముద్రం దగ్గరి పొలాలు ఉప్పుదేరిపోతున్నాయి, ఆ బాధ వాళ్ళకీ ఉంది, నలుగురం కలిసి పరిశోధన చేద్దామన్నది ఆయన ఆలోచన. దివిసీమలో మా అమ్మమ్మ చేను అలాగే పాడైంది కాబట్టి, ఇది జరిగి తీరాలని నాకు వాళ్ళందరికంటే ఎక్కువ పట్టుదల. అన్నీ కుదిరాయి కానీ ఒప్పందం మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర ఆగిపోయింది. పాత విశ్వవిద్యాలయం మాదని ఒకరు, ర్యాంకులో పైనున్నది మేమని ఒకరు, పిలిచింది మేము కదా అని మా వీసీ గారు. గవర్నర్‌పేటలో చర్చకని పెట్టుకున్న పొద్దుటి పూటంతా, ముందు ఎవరికి శాలువా కప్పాలన్న తర్జనభర్జనతోనే హరించుకుపోయింది. మర్నాడే వాళ్ళ ప్రయాణం.

భోజనానికి గన్నవరం వైపు హోటల్‌కి బయల్దేరాం. వ్యానులో తలొకరూ తలో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. గుణదల దగ్గర మేరీమాత ఉత్సవాల జనంలో వ్యాను ఇరుక్కుపోయింది. కొంతసేపటికి జపాన్ ఆయన ఎంతో మర్యాదగా నా దగ్గరికి వంగి, బాత్రూమ్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. మా ఇల్లు ఆ పక్క సందులోనే. ఆయన్నొక్కరినే తీసుకెళ్దామని లేచాను. నలుగురూ లేచారు. (ఆ విషయంలో మాత్రం అంతర్జాతీయ సహకారం వెంటనే కుదిరింది.)

ఇల్లంతా పండగ చుట్టాలు. వీళ్ళెవరో, ఎంతటివాళ్ళో అమ్మకి చెప్పాను. ఎవరైతేనేం, అన్నం వేళకి వచ్చినవాళ్ళని ఊరికే ఎలా పంపుతామని చాపలు పరిపించింది. విస్తళ్లు వేశాం. గారెల గిన్నె పట్టుకుని, ముందు ఎవరికి వడ్డిస్తే ఎవరికి కోపమొస్తుందోనని నిలబడిపోయాను. అమ్మ విసుక్కుంది.

"ఏంటే ఆలోచిస్తన్నావు? వయసులో ఎవరు పెద్దయితే వాళ్ళకి ముందు పెట్టు. తెలీకపోతే అడుగు."

విదేశీయుల్ని, అందులోనూ ఆడవాళ్ళని, వయసు అడగకూడదని నాకు ఉద్యోగంలో నేర్పిన మొదటి పాఠం. చెమటలు కక్కుతూ అడిగాను. నెదర్లాండ్స్ ఆవిడ ఫక్కున నవ్వి చెప్పేశారు. ఆవిడే పెద్ద. తర్వాత జపాన్, ఆ తర్వాత వియత్నాం, అందరికంటే చిన్న మా వీసీ గారు. అదే వరసలో గారెలూ కోడికూరా పడ్డాయి. రెండో గారె తింటూ ఆవిడ, పేర్లు కూడా ఇదే వరసలో పెట్టేసుకుంటే సరిపోదా అన్నారు. మిగతా ఇద్దరూ తలూపారు. అందరూ మా వీసీ గారి వైపు చూశారు. ఆయన చేతిలో గారె విస్తట్లో పెట్టి, అమ్మ వైపు తిరిగారు.

"మీరు చెప్పాక కాదనేదేముందండీ? ఈ వయసులో నన్ను చిన్నవాణ్ని చేశారు, అదే పదివేలు."

సాయంత్రమే సంతకాలయ్యాయి. అమ్మమ్మ చేలో మళ్ళీ వరి పండటానికి చాలా ఏళ్ళు పట్టింది కానీ, పండింది.

మొన్న అదే ఒప్పందం పని మీద కొత్త అధిపతులు వచ్చారు. ఇప్పుడంతా కుర్రాళ్ళే. అమ్మ లేదు. భోజనాల దగ్గర మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి గిన్నె పట్టుకుని అచ్చం నాలాగే తికమకపడుతుంటే, వయసులో పెద్దవాళ్ళకి ముందు పెట్టమ్మా అని గొప్పగా చెప్పాను. ఆ పిల్ల అందరినీ ఒకసారి కలయజూసి, తిన్నగా నా దగ్గరికే వచ్చి వడ్డించింది. అమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. ఆ పొద్దున్నే జుట్టుకి రంగు వేసుకుని మరీ వచ్చిన సంగతి మాత్రం ఆ పిల్లకి చెప్పలేదు.