గుడ్డకు దారిచ్చే ఊళ్లో మోటారు కొనడం

మీరు మనుషులకు దారి ఇవ్వరు. గుడ్డకు ఇస్తారు. ఈ మాట మీ ముఖం మీదే అంటున్నాను. ఇది చదువుతున్నవాళ్లలో సగం మంది పట్నం పోయి మోటారు కొనాలని ఉబలాటపడుతున్నవాళ్లు, మిగతా సగం అదే మోటారుకు అడ్డంగా తాపీగా నిలబడేవాళ్లు. కోపం వస్తే రానివ్వండి. బండి కొనేవాళ్లకు పనికొచ్చే సంగతులు మధ్యలో చాలా ఉన్నాయి, వాటికోసమైనా చివరిదాకా చదవండి.

నేను బండి కొన్నది నాకోసం కాదు. మా చెల్లెలు చిట్టెమ్మను పట్నంలోని కార్వాన్‌లో పాలవ్యాపారం చేసే ఇంటికి ఇచ్చాము. పోయిన వానాకాలం ఆమెకు నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి. బస్తీలో పురుళ్లు పోసే నర్సు శాంతమ్మ చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, నది దాటి ఆడవాళ్ల ఆసుపత్రికి తీసుకుపోవాలంది. జట్కా మాట్లాడారు. పురానాపూల్ మీద బర్రెల మందకూ పూలబండ్లకూ మధ్య ఆ జట్కా ఇరుక్కుపోయింది. వంతెన అవతలి ఒడ్డు చేరేసరికి చిట్టెమ్మ లేదు. పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నది శాంతమ్మే. తరువాత నేను కనిపించినప్పుడు ఆమె ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. "సారూ, నాకు మందులున్నయి, చేతులున్నయి. బండి లేదు" అంది. హనుమకొండలో మిత్రులందరం తలా ఇంత వేసుకుని, ఆ నర్సుకు ఒక పాత మోటారు కొనివ్వాలని తీర్మానించుకున్నాం. కొనే పని నా నెత్తిన పడింది.

కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కితే పదిగంటలకల్లా నాంపల్లిలో దిగవచ్చు. స్టేషన్ బయట టాంగావాళ్లు మీ మూట చూసి ధర చెప్తారు కాబట్టి మూట చిన్నది తెచ్చుకోండి. అఫ్జల్‌గంజ్ మీదుగా నది దాటి హుస్సేనీ ఆలం దాకా నేను ఆరణాలు ఇచ్చాను, ఇక్కడ చెల్లే హాలీ సిక్కా. అక్కడ ఒక నవాబు పాత దేవుడీ బంగళాలో బండి అమ్మకానికి ఉందని ముందే ఉత్తరం రాయించాను. పన్నెండేళ్లు ఆ ఇంటి జనానా ఆడవాళ్లకు ఆ బండి నడిపిన డ్రైవరు ఖాజా భాయ్ నాకోసం గేటు దగ్గరే కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, గడ్డానికి గోరింటాకు, కుడి మణికట్టు కొంచెం వంకర. బండి ఆరుగురు కూర్చునేది, పైకప్పు మందపాటి గుడ్డది. వెనక సీటు చుట్టూ ఇత్తడి కడ్డీలకు వంగపండు రంగు తెరలు వేలాడుతున్నాయి.

నేను బండి రంగు మెచ్చుకోబోతే ఖాజా భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "రంగు జూడకుండ్రి పంతులు సాబ్, రంగు ఎవలైనా ఏస్తరు. సీటు లేపి కింద జూడుండ్రి. తుప్పు ఆడనే దాక్కుంటది." సీటు లేపి చూశాను. తుప్పు ఉంది కానీ రేకు చిల్లు పడలేదు. ఇంజను మీద చెయ్యి పెట్టమన్నాడు, చల్లగా ఉంది. "నేను కావాల్ననే స్టార్టు జెయ్యలే. యేడిగున్న ఇంజను అందర్కీ సలాం జేస్తది. సల్లగున్నప్పుడు లేస్తదా లేదా, గదీ జూడాలె." ఇంజను లేపడానికి బండి ముందు పెట్టి తిప్పే హ్యాండిలు నా చేతికిచ్చి, బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచమన్నాడు, చుట్టూ తిప్పి పట్టుకోవద్దన్నాడు. ఇంజను వెనక్కి కొట్టిందంటే బొటనవేలితో మొదలై మణికట్టు దాకా పోతుందట. "అబద్ధమంటె గిది జూడుండ్రి" అని తన వంకర చెయ్యి చూపించాడు. మూడో తిప్పుకు ఇంజను అందుకుంది. తొమ్మిది వందలకు బేరం కుదిరింది. శాంతమ్మ నేర్చుకునేదాకా ఖాజా భాయే నడిపేటట్టు ఒప్పుకున్నాడు.

డబ్బు చేతిలో పెట్టేముందు బండిని జనంలో నడిపించి చూడమని మీకు ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నాను. ఖాళీ రోడ్డు మీద అన్ని బండ్లూ మంచివే. మేము లాడ్‌బజారులోంచి చార్మినార్ చుట్టి, పత్తర్‌గట్టీ దాకా పోయి తిరిగి వచ్చి, డబ్బు కట్టి, పురానాపూల్ మీదుగా కార్వాన్ దారి పట్టాం. దారి పొడుగునా ఖాజా భాయ్ పాఠం చెప్తూనే ఉన్నాడు. "ఈ షహర్ల ఇంజనుతోని నడపరు సాబ్, బ్రేకుతోని నడుపుతరు. టాంగా ఎదురొస్తె మనిషిని జూడకుండ్రి, గుర్రం చెవులు జూడుండ్రి. చెవులు ఎనక్కి వొయ్యినయంటె అది బెదిరింది, మీరు ఆగుండ్రి. సైకిలోడు ఎనకకు జూడడు, వాన్కి అల్లా ఉన్నడు. మీకు బ్రేకే ఉన్నది."

అయితే నన్ను ఆశ్చర్యపరిచింది ఆ పాఠం కాదు, ఆ దారి. గాజుల దుకాణాల ముందు ఇసుక వేస్తే రాలనంత జనం, అయినా మా బండి ముందు పాయలుగా విడిపోయింది. తోపుడు బండ్లవాళ్లు తమంతట తామే చక్రాలు పక్కకు తిప్పుకున్నారు. పురానాపూల్ మీద ఒక పోలీసు మమ్మల్ని చూసి, ఎదురు బండ్లన్నిటినీ ఆపి, తను గోడవైపు ముఖం తిప్పుకుని నిలబడ్డాడు. పట్నం నాగరికత నేర్చిందని సంబరపడ్డాను. ఆ మాటే అంటే ఖాజా భాయ్ మీసాల్లో నవ్వాడు.

"మనకనుకున్నరా సాబ్? పర్దాకు. ఎనక బేగం సాబాలు ఉన్నరనుకుంటున్నరు. ఇంజనుకంటే గీ పర్దాలే కీమతీ, పోగొట్టుకోకుండ్రి."

నేను వెనక్కి తిరిగి తెర ఎత్తి చూశాను. వెనక సీటు మీద ఒక స్పేరు టైరు, ఒక ఖాళీ పెట్రోలు డబ్బా ఉన్నాయి. అంతే. అంటే ఆ పోలీసు గోడవైపు తిరిగి మర్యాద చేసింది టైరుకు. మా చిట్టెమ్మ ప్రాణం పోయిన వంతెన మీద, పట్టపగలు, టైరుకు దారి దొరికింది.

కార్వాన్‌లో చిట్టెమ్మ భర్త, మా బావ మల్లయ్య ఇంటి ముందు బండి ఆగగానే, గడ్డి కోసే కత్తి అడిగి తీసుకుని తెరలన్నీ కోసేశాను. మళ్లీ ఎవరూ కుట్టకుండా పేలికలు చేసి, వాటితోనే ఇంజను మడ్డి తుడిచాను. పరదా అనేది ముస్లిముల ఇళ్లలోనే ఉందని తీరిగ్గా చెప్పే హిందూ పాఠకులకు కూడా నేనేమిటో తెలుసు. ఇరవై ఏళ్లుగా మీతో ఈ విషయం మీద పోట్లాడుతున్నాను. నా చెల్లెలి పేరు మీద కొన్న బండికి ఆ గుడ్డ ఉండటమా? మల్లయ్య బర్రెలకు కుడితి పెట్టుకోవడానికి పోయాడు. ఖాజా భాయ్ మాత్రం ఇత్తడి కడ్డీలు పీకనివ్వలేదు. "అవి ఇత్తడి సాబ్, అవేం పాపం జేసినయి" అన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి శాంతమ్మ వచ్చింది. ముప్పై అయిదేళ్ల మనిషి, చేతిలో తోలుసంచి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, కడ్డీల దగ్గర ఆగింది.

"పర్దాలేవి?"

"కోసేశాను" అన్నాను, మెచ్చుకుంటుందనే.

"ఎవల్నడిగి కోసిండ్రు సారూ?"

"ఎవరిని అడగాలమ్మా? అది బానిసత్వపు గుర్తు."

"బండి ఎవలిది?"

"మీదే."

"మల్ల పర్దా ఎవలిది?"

ఆమె గొంతు పెంచలేదు. "నన్ను పిలిచే ఇండ్లల్ల సగం ఇండ్లు ఆడోళ్లను గిసొంటి బండి ఎక్కనియ్యయి. పర్దా తీసేది ఆళ్లు సారూ, మీరు గాదు" అని సంచి ముందు సీటులో పెట్టింది. రేపు కొత్త తెరలు కుట్టిద్దాంలే అన్నాను. పురుడు రేపటిదాకా ఆగదని నాకు తెలియకపోలేదు.

మూడున్నరకు పిలుపు వచ్చింది. నాలుగు సందుల అవతల ఒక షావుకారు ఇల్లు, తొలిచూలు కోడలు కమల, పొద్దుటి నుంచి నొప్పులు. శాంతమ్మ లోపలికి వెళ్లి పది నిమిషాల్లో బయటికి వచ్చి, "ఆసుపత్రికే" అంది. చిట్టెమ్మకు చెప్పిన మాటే. కమల అత్త రాధాబాయి ఆమె వెనకే గుమ్మందాకా వచ్చి, బండిని చూసి తలుపుకు అడ్డం నిలబడింది.

"నర్సమ్మా, గిదేం బండి? నల్దిక్కుల కనవడ్తది. అంగట్ల బెట్టినట్టు మా కోడల్ని గిండ్ల కూసోబెడ్తవా? మా ఇంట్ల ఆ రివాజు లేదు."

నేను ముందుకు వచ్చాను. స్త్రీ ప్రాణం కంటే ఆచారం గొప్పదా అని మొదలుపెట్టి, ఇంకో రెండు వాక్యాలు కూడా పూర్తి చేశాను. శాంతమ్మ నా వైపు తిరిగింది. "సారూ, మీ ఉపన్యాసం అయ్యేటాలకు ఆ బిడ్డ బడికి వోతది." లోపలి నుంచి కమల గొంతు వినిపించింది, "అత్తమ్మా, పర్దా గిర్దా ఏదోటి గట్టుండ్రి, జల్ది తీస్కవోండ్రి నన్ను!"

శాంతమ్మ కళ్లు నా మీద పడ్డాయి. ముఖం మీద కాదు, కిందికి. "మీ ధోతి ఇప్పుండ్రి సారూ."

నేను నోరు తెరిచేలోపే ఖాజా భాయ్ సీటు కిందినుంచి తన లుంగీ తీసి ఇచ్చాడు, బండి కింద దూరేటప్పుడు కట్టుకునేది, నిండా మడ్డి. "మీ కోటు మీదికి మస్తుంటది పంతులు సాబ్" అన్నాడు. గోడచాటున మార్చుకుని వచ్చాను. ఖద్దరు ధోవతిని రెండు మడతలు చేసి, శాంతమ్మ సంచిలోని పిన్నులతో ఆ ఇత్తడి కడ్డీలకే బిగించాం. భుజం మీది కండువా కూడా ఆమె అడక్కుండానే తీసుకుంది. రాధాబాయి చుట్టూ తిరిగి చూసి, ఒక సందు కనిపిస్తే తనే ఇంకో పిన్ను పెట్టి, కోడలిని ఎక్కించి, శాంతమ్మతోపాటు తనూ ఎక్కింది.

పురానాపూల్ చేరేసరికి నాలుగు దాటింది. అది ఆ వంతెనకు చెడ్డ వేళ. గుడిమల్కాపూర్ తోటల నుంచి పూలబండ్లు ఊళ్లోకి పోతుంటాయి, ఎదురుగా బర్రెలు ఇళ్లకు మళ్లుతుంటాయి. నేను ఖాజా భాయ్ పక్కన కూర్చుని లుంగీ మీద చేతులు బిగించుకున్నాను. తెర వెనక కమల కేక వేసింది. ముందున్న బర్రెలవాడు ఆ కేకకు తిరిగి చూశాడు. కదలలేదు. తరువాత వాడి చూపు ధోవతి మీద పడింది.

"అగో, జనానా గాడి! జరుగుండ్రి, జరుగుండ్రి!"

వాడే కర్ర తిప్పి తన బర్రెలను గోడకు తోశాడు. పూలబండివాడు గంప జారి బంతిపూలు రోడ్డున పడుతున్నా ఎద్దును పక్కకు లాగాడు. పొద్దుటి పోలీసు మళ్లీ గోడవైపు తిరిగాడు. వంతెన దాటడానికి మాకు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అవతలి ఒడ్డున వెనక నుంచి శాంతమ్మ మాట వినిపించింది, నాతో అన్నదో తనలో తను అనుకున్నదో తెలియదు. "చిట్టెమ్మ గిట్లనే ఒర్లింది. జట్కకు పర్దా లేదు. అందరు జూసిండ్రు, ఒక్కడు జరగలే."

కమల బతికింది. ఆడపిల్ల పుట్టింది, అడ్డం తిరిగిన పిల్లే, ఇప్పుడు గట్టిగా ఏడుస్తోంది. ఆసుపత్రి వరండాలో రాధాబాయి నా లుంగీ వైపు చూడకుండా, "ధోతి ఉతికి పంపుత పంతులూ" అంది. సాయంత్రం తిరిగి వచ్చాక మల్లయ్యకు జరిగింది చెప్పాను. బర్రె వీపు నిమురుతూ, "నేను సుత గట్లనే నిలవడ్డ బావా, ఆ పూల్ మీద, ఎన్నిసార్లో. జట్కల ఎవలో ఒర్లితె జూసిన. జరగాల్నని తోచలే" అన్నాడు.

మరునాడు పత్తర్‌గట్టీలో మందపాటి నీలం గుడ్డ కొని, కొత్త తెరలు కుట్టించి శాంతమ్మకు ఇచ్చాను. కొలతలు ఆమే చెప్పింది, పక్కకు జరిపి కట్టేసే వీలు ఉండాలని కూడా ఆమే చెప్పింది. ఎప్పుడు జరపాలో లోపల కూర్చున్నవాళ్లను అడుగుతుందట. పరదా మీద నా అభిప్రాయం వీసమెత్తు మారలేదు, మారదు. కాని దాన్ని కోసే హక్కు నా చేతి కత్తికి ఉందని అనుకోవడం తప్పు, ఆ తప్పు నేను చేశాను. అంతకంటే పెద్ద తప్పు ఇంకా ఆ వంతెన మీదే ఉంది. తెర ఉంటే ముఖం తిప్పుకుని దారి ఇస్తారు, తెర లేకపోతే కళ్లప్పగించి చూస్తూ దారి ఇవ్వరు. ఈ రెండింటిలో ఏది మర్యాద? పాత బండి కొనేవాళ్లకు ఒక్క సలహా: ఇంజను, టైర్లు, సీటు కింది తుప్పు చూసుకున్నాక, ఇత్తడి కడ్డీలు గట్టిగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. మిమ్మల్ని నమ్మడానికి లేదు కాబట్టి చెప్తున్నాను.

ఇక నేను కోరేవి ఇవి.

బండిలో తెర ఉండాలా వద్దా అనేది అందులో ఎక్కే ఆడవాళ్లను అడగాలి.

మూడింటి నుంచి అయిదింటి దాకా పురానాపూల్ మీద ఒక పక్క బర్రెలూ బండ్లూ లేకుండా వదలాలి.

శాంతమ్మ నడపడం నేర్చుకున్న రోజున, పరీక్ష తప్ప ఇంకేమీ అడగకుండా లైసెన్సు ఇవ్వాలి.

పోలీసు గోడవైపు కాదు, రోడ్డువైపు చూడాలి.

తెర లేని జట్కాలోంచి ఆడమనిషి కేక వినిపిస్తే తిరిగి చూడకండి. జరగండి.