ఇరవై చుక్కల సోల్డర్

బస్సు డిపో క్యాంటీన్ గోడకు మేనేజర్ ఒక కాగితం అంటించాడు. “బావా-బామ్మర్ది బ్లూస్, ప్రతి శనివారం సాయంత్రం. ఒకే ప్రాణంగా మెలిగే ఇద్దరు కళాకారుల పదేళ్ళ ప్రయాణం” అని. ఒకే ప్రాణమట! ఆ రాసిన పెద్దమనిషిని ఒక్క పూట మా ఇంట్లో కూర్చోబెడితే తెలిసొచ్చేది. బావ నా మొగుడు, బామ్మర్ది నా తమ్ముడు. వాళ్ళ భాగోతం నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

మా నాన్న ఆ డిపోలోనే ఫిట్టర్. ఇంజను కిందనుంచి లేచొచ్చి, చేతులు తుడుచుకుని, టీ చల్లారేలోపు మౌత్ ఆర్గాన్ వాయించేవాడు. పాత రేడియోలో విని నేర్చుకున్న బ్లూస్, అమెరికా నల్లవాళ్ళు కష్టం చెప్పుకునే పాట. “ఒక మాట రెండుసార్లు అనాలి, మూడోసారి దానికి జవాబు చెప్పాలి. అంతే విద్య” అనేవాడు. ఆయన పోయాక ఆ మౌత్ ఆర్గాన్ బస్సులకు రంగులేసే మా తమ్ముడికి వచ్చింది. కండక్టరైన మా ఆయన గిటారు పట్టుకుని వాడి పక్కన నిలబడ్డాడు. జంట అలా మొదలైంది.

మొదటి ఏడాదికే ఇద్దరికీ చెడింది. ముందు ఎవరు నిలబడాలి, పాట ఎవరు ముగించాలి అని. అప్పటినుంచి మామూలు మాటలు మానేసి పాటల్లోనే తిట్టుకుంటున్నారు. మా ఆయన రెండుసార్లు తిడతాడు, మూడోసారి తమ్ముడు మౌత్ ఆర్గాన్ దించి జవాబు విసురుతాడు. జనం అదంతా నాటకమనుకుని పొట్ట పట్టుకుని నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

రెండేళ్ళ కిందట మా ఆయన గొంతు బొంగురుపోయింది. ఏడాదిన్నర ఓర్చుకుని చివరికి వెళితే, డాక్టరు లోపలికి గొట్టం పెట్టి చూసి, గొంతులో కాయ ఉందన్నాడు. “తగ్గించి పాడండి. ఇలాగే పైశ్రుతిలో అరిచారంటే పాట సంగతి అటుంచి, మాట కూడా మిగలదు” అని తెగేసి చెప్పాడు. బస్సులో గొంతెత్తి బతికే మనిషికి మాట పోతే ఏం మిగులుతుంది?

గిటారు తీగలు వదులు చేస్తే శ్రుతి దిగుతుంది. మౌత్ ఆర్గాన్ దిగదు. దానికి ఒక్కటే శ్రుతి, అది నాన్న శ్రుతి. నేను తమ్ముడి దగ్గరికి వెళ్ళి, “ఇంకోటి కొనిస్తాను, అది వాయించరా” అని బతిమాలాను.

“నాన్నది పక్కన పెట్టమంటావా? బావకి చేతకాకపోతే మానేయమను” అన్నాడు వాడు, బ్రష్షు దించకుండా.

ఇంటికొచ్చి మా ఆయనతో, “పోనీ మీరే కొన్నాళ్ళు పాడకండి” అన్నాను.

“నేను మానేస్తే వాడు గెలిచినట్టు కాదూ? చస్తే మానను” అన్నాడు. ఆ ముక్క అనడానికే నాలుగుసార్లు దగ్గాడు. ఒకరిని మించిన మొండిఘటం ఇంకొకరు!

నాది మోటార్లు, మిక్సీలు బాగుచేసే కొట్టు. సన్నటి స్క్రూడ్రైవర్లు నా దగ్గరే ఉంటాయి కాబట్టి తమ్ముడు నెలకోసారి మౌత్ ఆర్గాన్ తెచ్చి నా చేతిలో పెట్టేవాడు, తుడిచి మరలు బిగించమని. ఆ నెల కూడా తెచ్చాడు. వాడు వెళ్ళగానే షట్టరు సగం దించాను. మూత విప్పితే లోపల ఇరవై ఇత్తడి రీడ్లు, ఊదితే అదిరి పలికే సన్నటి రేకులు. రీడు కొసన బరువు పెరిగితే శ్రుతి దిగుతుంది. ముందు ఒక పిల్లల బొమ్మ మౌత్ ఆర్గాన్ మీద చేసి చూసుకున్నాను. తర్వాత సోల్డరింగ్ ఐరన్ కాల్చి, ఫోన్లో శ్రుతి చూసుకుంటూ, ఒక్కో రీడు కొసన ఒక్కో చుక్క సోల్డర్, అదే కరిగిన తగరం, పెట్టాను. నాన్న మీద ఒట్టు, ఇరవయ్యో చుక్క దాకా ఆపలేదు.

శనివారం తమ్ముడు మొదటి ఊపిరి ఊదాడు. ఊది ఆగిపోయాడు. ముందు వరసలో ఉన్న నావైపు చూశాడు. నేను కళ్ళు దించలేదు. మా ఆయన మాత్రం బామ్మర్ది దిగొచ్చాడనుకుని మీసం కింద నవ్వుకుంటూ తీగలు వదులు చేశాడు. పాట ఎత్తుకుంటే, ఏడాదిన్నరగా పోయిందనుకున్న గొంతు నిండుగా వచ్చింది.

పాట అవగానే తమ్ముడు నా మీదికి వచ్చాడు. “ఏం చేశావ్?”

“సోల్డర్ పెట్టాను.”

“అది నాన్న శ్రుతి!”

“నాన్న లేడురా. మీ బావ ఉన్నాడు.”

“ఒక్క మాట చెప్పి చేయొచ్చుగా?”

“చెబితే ఇచ్చేవాడివా?”

వాడు మౌత్ ఆర్గాన్ జేబులో కుక్కుకున్నాడు. వెనకే వచ్చి విన్న మా ఆయన ముఖం జేవురించింది. “అంటే వాడు తగ్గలేదా? నువ్వు చేసిన పనా ఇది? వాడి ముందు నా తల తీసేశావు కదే!” అని కేకేశాడు. ఆ కేక ఖంగుమంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి బావా బామ్మర్దీ ఒకే బల్ల దగ్గర కూర్చుని టీ తాగారు, నన్ను తిట్టుకుంటూ.

ఇప్పుడు ఇద్దరూ ఒకటై నా మీద పడ్డారు. పోయిన శనివారం మా ఆయన నా ముందే పాడాడు:

“మా ఇంటిదాని చేతిలో కాలే ఇనుముంది,
అవునండీ, మా ఇంటిదాని చేతిలో కాలే ఇనుముంది,
మామ ఊపిరి కరిగించి నా గొంతులో పోసింది.”

క్యాంటీనంతా గొల్లుమంది. నేనూ చప్పట్లు కొట్టాను. తిట్టడానికైనా ఆ గొంతుంది, అదే చాలు.

తమ్ముడు నాలుగు నెలలు కొట్టు గుమ్మం తొక్కలేదు. నిన్న వచ్చాడు. పలకరింపు లేదు, పాడూ లేదు. మౌత్ ఆర్గాన్ బల్ల మీద పెట్టి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇంట్లో ఏదో మొద్దు స్క్రూడ్రైవర్‌తో తానే విప్పబోయి రెండు మరల తలలు అరగదీసి తెచ్చాడు. మూత తీసి చూశాను. ఇరవై చుక్కలూ అలాగే ఉన్నాయి.

“ఐరన్ పెడితే ఐదు నిమిషాల్లో కరిగిపోతాయి. తీసెయ్యమంటావా? మళ్ళీ నాన్న శ్రుతే వస్తుంది” అన్నాను.

వాడు ఇటు తిరిగి, అరిగిన రెండు మరలనూ వేలితో చూపించాడు.

“మరలు మాత్రం మార్చు” అన్నాడు.

ఏడుపు తన్నుకొచ్చింది. వాడి ముందు ఏడవకూడదని తల వంచుకుని రెండు మరలూ మార్చాను.