రెండు గీతలు కలిసిన చోటు

మా లెక్కల టీచరమ్మ పోయిన వారం బెంగాల్లో, గంగ ఒడ్డునున్న మా గార్డెన్ రీచ్‌లో కన్నుమూశారు. కబురు విని గోదాము యజమాని "హమ్మయ్య" అన్నాడట. ఆ హమ్మయ్యకి జవాబుగానే ఇది రాస్తున్నాను. పాఠకులు నా కోపాన్ని మన్నించనక్కర్లేదు.

ఆవిడ మమ్మల్ని బడి డాబా ఎక్కించి, దిక్సూచితో ఉత్తరం పట్టించి, నీళ్ల ట్యాంకు ఎన్ని డిగ్రీల్లో ఉందో, ఇటుకబట్టీ పొగగొట్టం ఎన్ని డిగ్రీల్లో ఉందో చెప్పించేవారు. కొంగుకి ఎప్పుడూ సుద్దపొడి, సంచిలో ఎప్పుడూ డిగ్రీలు కొలిచే చాందా. "ఒక్క గుర్తుంటే గీతే దొరుకుతాది. రెండుంటేనే సోటు" అనేవారు.

ఒకరోజు బోర్డు మీద రెండు బేరింగులు, అంటే ఉత్తరం నుంచి కొలిచిన డిగ్రీలు, రాశారు. ఒకచోట నిలబడి చూస్తే ట్యాంకూ, పొగగొట్టమూ ఆ డిగ్రీల్లో కనిపించాయట. ఆ చోటేదో పేట పటం మీద స్కేలు ప్రకారం గీసి చెప్పమన్నారు. నా గీతలు కలవలేదు, చెరో దిక్కుకి పోయాయి. ఆవిడ నెత్తిన మొట్టారు.

"నువ్వు ట్యాంకుని సూస్తన్నావు. ట్యాంకు కాడి నుంచి గీసినప్పుడు అది నిన్ను సూడాలి కదేటి? నూటెనభై తిప్పు."

తిప్పాను. గీతలు గంగ ఒడ్డు గోదాములో, యజమాని గదిలో కలిశాయి.

"అక్కడేటుంది టీచరమ్మా?"

"నా కూతురు."

మావాళ్లు చంటిబిడ్డల్ని కాల్చరు, పూడుస్తారు. పైన రాయి పెట్టరు. తెలుగునాట నుంచి ఇక్కడికి మున్సిపాలిటీ పనికి వచ్చిన మా కుటుంబాల పసికందులంతా ఆ ఒడ్డునే ఉన్నారు. ఆడవాళ్లు వెంట వెళ్లరు గనక టీచరమ్మ మర్నాడు వెళ్లి, తడిమట్టి పక్కన నిలబడి బేరింగులు చూసుకున్నారు. తర్వాత గోదామువాడు ఆ నేల చుట్టూ గోడ కట్టి, దాని మీదే తన గది లేపుకున్నాడు. తల్లులు అడగబోతే, "ఒక్క రాయైనా చూపించండి దీదీ" అని నవ్వాడు.

టీచరమ్మ వాడి బల్ల మీద పటం పరిచి, బెంగాలీలో "నీ కుర్చీ కింద" అన్నారు. వాడు కుర్చీ మూలకి జరిపాడు. అక్కడ మా వదిన కొడుకున్నాడన్నారు. కిటికీ పక్కకి జరిపాడు. అక్కడా ఎవరో ఉన్నారన్నారు. అన్నీ కొలిచే అన్నారా, వట్టినే అన్నారా, నేనడగలేదు. "ఆడు కూకోకూడదు, అంతే" అన్నారొకసారి. చివరికి కుర్చీ బయటకి పంపేసి, ఇన్నేళ్లూ వాడు వాకిట్లో నిలబడే వ్యాపారం చేసుకున్నాడు. అది చూస్తే నాకు కడుపు నిండేది.

ఆవిడ పోయిన మర్నాడే కుర్చీ మళ్లీ గదిలోకి వచ్చింది. చిన్నదినం నాడు మేం పాత విద్యార్థులం పాలచెంబుతో గోదాముకి వెళ్లాం. బిడ్డల్ని పూడ్చిన చోట పాలు పోయడం మా ఆనవాయితీ.

"ఆవిడే పోయారు కదా, ఇంకేమిటి?" అంటూ గోదామువాడు కుర్చీలోంచి లేచాడు.

"చోటు పోలేదు దాదా" అన్నాను. కుర్చీ లాగేసి పాలు పోశాను.

పాలు గచ్చు మీద బల్ల కిందకీ, మూలకీ, కిటికీ వైపుకీ పాకాయి. వాడు ఒక కాలెత్తాడు. దాన్ని ఎక్కడ దించాలో తెలియక అలాగే ఒంటికాలి మీద ఉండిపోయాడు.