ఎదురుకొండకు తిప్పిన యాంటెన్నా

మొన్న కేబుల్ బాగుచేయడానికి వచ్చినతను మా డాబా మీదున్న పాత యాంటెన్నాను చూసి, ఇదింకా ఎందుకండీ అమ్మగారూ, పాత ఇనుముకి వేసేయండి అన్నాడు. ఒళ్లు మండింది నాకు. నీకెందుకు నాయనా ఆ తొందర అని పంపించేశాను గాని, తర్వాత కాఫీ కూడా తాగబుద్ధి కాలేదు. నా ఈడువాళ్లకి చెప్పక్కర్లేదు, బొమ్మ రావాలంటే ఒకరు డాబా ఎక్కి కడ్డీలు తిప్పడం, ఇంకొకరు కింద నిలబడి వచ్చింది, పోయింది అని గొంతు చించుకోవడం. ఆ అరుపులు నేను మన దేశంలో కన్నా ముందు ఒమాన్ కొండల్లో అరిచాను.

డెబ్బైల నాటి మాట. నర్సాపురం దగ్గర పల్లె నుంచి నేను నర్సుగా వెళ్లాను, మా ఆయన రేడియో, టెలివిజన్ స్తంభాలు నిలబెట్టే కంపెనీలో పనిచేసేవారు. మస్కట్‌లో టెలివిజన్ మొదలైంది గాని, అడుగడుగునా కొండలున్న ఆ దేశంలో లోపలి ఊళ్లకి బొమ్మ అందాలంటే శిఖరం మీద శిఖరంగా స్తంభాలు వేసుకుంటూ పోవాలి. అలా ఆయన్ని ఒక కొండ ఊరికి పంపితే, అక్కడి కొత్త ఆసుపత్రిలో నేనూ డ్యూటీ వేయించుకుని వెంట వెళ్లాను. ఆసుపత్రి అంటే ఏమనుకున్నారు, రెండు గదులు, ఒక వరండా, ఒక జనరేటర్. జీపు సగం దూరమే వస్తుంది, ఆపైన గాడిదలే దిక్కు. నిట్టనిలువు కొండ కింద నక్కినట్టుండే మట్టి ఇళ్లు, మెట్లు మెట్లుగా దానిమ్మ తోటలు, లోయ అవతల గడ్డిపరక మొలవని బోడికొండ.

స్తంభం సామానంతా ఇళ్ల నెత్తినున్న ఆ కొండకొమ్ముకి మోసింది కూడా ఊరి గాడిదలే. మొదట ఎవరూ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఊరి పెద్ద షేక్ ఇల్లిల్లూ తిరిగి ఒప్పించాడు. పాపం ఆయనది నీళ్ల లెక్క. అక్కడ ఊటనీరు ఫలజ్ అనే కాలవలో వస్తుంది, ఊటకి దగ్గరున్నవాళ్లకి ముందు, దూరపువాళ్లకి తర్వాత. స్తంభం మన నెత్తినే ఉంది గనక బొమ్మలు ముందు మనకే దిగుతాయని ఆయన అందరికీ మాటిచ్చేశాడు. కంపెనీ వాళ్లేమో దూరపు ఊళ్ల సంగతి చూసుకున్నారు గాని, కాళ్ల కిందున్న ఊరి గురించి ఎవరికీ ఆలోచనే రాలేదు, మా ఆయనతో సహా.

షేక్ కన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఆయన భార్య. నేనామెను ఖాలా అనేదాన్ని, పిన్ని అన్నమాట. ఉన్న ఒక్క కొడుకూ సైన్యంలో చేరి బ్యాండులో వాయిస్తున్నాడు, వెళ్లినవాడు మళ్లీ ఇంటి మొహం చూడలేదు. జాతీయ పండుగ నాటి కవాతు టెలివిజన్‌లో చూపిస్తారని, వాడు అందులో నడుస్తాడని కబురొచ్చింది. జనరేటర్ మా దగ్గరే ఉంది గనక పెట్టె కూడా మా వరండాలోనే పెట్టారు. ఇక చూడండి, జబ్బూ లేదు గిబ్బూ లేదు, రోజూ వచ్చి ఆ ఖాళీ తెరను ముసుగు కొంగుతో తుడిచి వెళ్లేది.

తీరా కవాతు ముందురోజు పెట్టె వేస్తే బుస్సుమని చప్పుడు, తెరనిండా తెల్ల రవ్వ. దూరపు ఊళ్లలో మాత్రం బొమ్మ అద్దంలా వస్తోందట! కొండ అంచు అడ్డమై, తరంగాలు మా ఊరి మీదుగా దాటిపోతున్నాయి. యాంటెన్నాను స్తంభం వైపు ఎలా నిలబెట్టినా అదే రవ్వ. గాడిదలు ఇచ్చినవాళ్లంతా షేక్ మొహం చూస్తూ నిలబడ్డారు. మా ఆయన అన్నం ముట్టలేదు. ఆ తల్లికి ఏ మొహం పెట్టుకుని చెప్పనే, అని ఒకటే గోల. నాకూ ఏడుపొచ్చింది.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. తోటల్లో ఉన్నవాళ్లు కొండ మడతలో ఉంటారు, నేరుగా కేకేస్తే వినపడదు. అందుకని తోటకి వీపు పెట్టి, ఎదురుగా ఉన్న బోడికొండ మొహాన అరుస్తారు, ఆ కొండే మాటను తిప్పి తోటకి అందిస్తుంది. వెళ్లిన కొత్తలో ఇదేం చోద్యమమ్మా అని నవ్వుకున్నాను. కవాతు నాటి పొద్దున ఖాలా అలాగే నిలబడి తోటలో ఉన్న కూతుర్ని పిలుస్తుంటే, పళ్లు తోముకుంటున్న మా ఆయన ఉన్నపళంగా ఆగిపోయారు. ఒసేయ్, మనం అడగాల్సింది ఎదురుకొండనే, అంటూ నోట్లో నురగతోనే ఆసుపత్రి కప్పు మీదికెక్కి, యాంటెన్నాను స్తంభానికి వీపు పెట్టించి బోడికొండకు తిప్పారు. షేక్ తల పట్టుకున్నాడు. పండుగ కనుక ప్రసారం పొద్దుటినుంచే ఉంది. పోయింది, పోయింది, ఆగండాగండి, వచ్చిందండీ అని నేను తెలుగులో అరిస్తే, ఊరంతా ఆ మాటే పట్టుకుని వచ్చిందండీ, వచ్చిందండీ అని గంతులేసింది.

రాళ్లకి కొట్టుకుని తిరిగొచ్చిన బొమ్మ కదా, ప్రతి మనిషి పక్కనా మసకగా ఇంకో మనిషి. బ్యాండు వచ్చింది. ఖాలా తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని కొడుకు మీద వేలు పెట్టింది. వాడి భుజం పక్కనే ఇంకో కొడుకు. అలా ఎందుకు వస్తుందో మా ఆయన చెప్పబోతే ఆమె వినలేదు. "ఇద్దరున్నారు కదా, ఒకణ్ణి సుల్తాన్‌ని ఉంచుకోమను, ఇంకొకణ్ణి నాకు పంపమను" అంది. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

రోడ్డు పడ్డాక ఆ కొడుకు నిజంగానే వచ్చాడు, తల్లినీ తండ్రినీ కింద సముద్రపొడ్డున బర్కా ఊళ్లో తను కట్టుకున్న ఇంటికి తీసుకుపోవడానికి. జీపు ఎక్కేటప్పుడు ఖాలా నా చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. వాళ్ల వెనకే ఒక్కొక్క కుటుంబమూ కొండ దిగిపోయింది. ఇప్పుడక్కడ ఏ మూలన నిలబడ్డా సిగ్నల్ అందుతుందట, అందుకోవడానికే మనుషులు లేరట, కూలిన గోడల్ని ఫొటోలు తీసుకోవడానికి టూరిస్టులు వస్తారట. మా ఆయన పోయేదాకా ఆ రోజు సంగతి అందరికీ గొప్పగా చెప్పుకునేవారు, నేనూ పక్కనుండి అవునవునని మురిసిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఒకటే అనిపిస్తుంది. ఆ తల్లి అడిగింది కొడుకుని, మేం ఆ ఊరిదాకా తేగలిగింది బొమ్మనే.