మిర్రర్ ఎంపికలో ఓబుళమ్మ లెక్క

ఈ రోజు మధ్యాహ్నం నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వెళ్లాను. నాతో డిగ్రీ చదివిన ఓబుళమ్మ అక్కడ ఇంటర్నెట్ సెంటర్ నడుపుతోంది. వైరస్‌ల బాధ పడలేక, నా మాట విని కంప్యూటర్లన్నిటికీ లినక్స్ వేయించుకుంది. రేపటి నుంచి పిల్లలు ఇంజనీరింగ్ వెబ్ కౌన్సెలింగ్‌కు వస్తారు. ఆ సైటేమో పాత బ్రౌజర్‌లో తెరుచుకోవడం లేదు.

అప్‌డేట్ చేయడానికి కూర్చున్నాను. ఒకే సాఫ్ట్‌వేర్ నకళ్లు ఉంచే సర్వర్లు, అంటే మిర్రర్లు, చాలా దేశాల్లో ఉంటాయి. దగ్గరిదైతే త్వరగా వస్తుందని మన దేశంలోదే ఎంచాను. సగంలో ఆగిపోయింది. రెండోసారీ అంతే.

“రేపు పిల్లోల్లంతా నంద్యాలకు పోతారు. లినక్స్ ఏసుకొని చెడిపోయిందంటారు నన్ను,” అంది ఓబుళమ్మ.

సలహా నాదే కాబట్టి మిర్రర్ల జాబితా మళ్లీ తెరిచాను. అందులోని దేశాల పేర్లు చూసి ఆమె అడిగింది.

“ఇప్పుడు యాడ రాత్రి మే?”

“అమెరికాలో. ఇంకా తెల్లారి ఉండదు.”

“అయితే ఆడిదే పెట్టు. అందరూ పండుకోనుంటారు. మా వీధి కొళాయి కాడ నేను చేసేదదే.”

నవ్వుకుంటూనే మార్చాను. టీ తెప్పించుకుని తాగేలోపు మొత్తం దిగిపోయింది! కౌన్సెలింగ్ సైటు తెరుచుకోగానే ఓబుళమ్మ స్క్రీనుకు దణ్ణం పెట్టింది.

తిరుగు బస్సెక్కినప్పటి నుంచీ నాకు ఒకటే అనుమానం. ఆమె లెక్క నిజంగా సరైనదేనా, లేక అదృష్టమా? లినక్స్ తెలిసినవాళ్లు చెప్పండి. తప్పని తేలితే మాత్రం, కౌన్సెలింగ్ అయ్యేదాకా ఆ మాట ఆమె చెవిన వేయకండి.