కాలరు మైకుకు కుందేలు బొచ్చు

మోకాలి ఆపరేషన్ తర్వాత మా అక్క గూడూరులో ఇల్లు కదలలేకపోయింది. ఆ చలికాలం ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అడిగింది.

"అబ్బయా, పులికాట్‌కి ఫ్లెమింగోలు వచ్చినాయంట గదా. ఇన్నేళ్ళు చూసినాం. వాటి గొంతు ఎట్టుంటదో నువ్వెప్పుడన్నా విన్నావా?"

వినలేదు. రోడ్డు మీద నుంచి చూస్తే అవి నీళ్ళకవతల గులాబీ రంగు చారలా కనిపిస్తాయి. చప్పుడు మన దాకా రాదు.

ఆన్‌లైన్ పాఠాల కోసం నేను కొన్న కాలరు మైకు ఒకటుంది, శనగగింజంత. దాన్ని ఫోనుకు తగిలించి, దొరవారిసత్రం దాటి సరస్సు దగ్గరికి వెళ్ళాను. పక్షులు మేసే చోటికి దగ్గర్లో, చేపలు పట్టే ఒకాయన వల కట్టే కర్ర కనిపించింది. ఆయన్ను అడిగి, మైకునూ ఫోనునూ దానికి కట్టేసి, దూరంగా వచ్చి కూర్చున్నాను. మనిషి లేకపోతే అవి దగ్గరికి వస్తాయని నా ఆశ. వచ్చాయి కూడా. కానీ ఇంటికొచ్చి వింటే పక్షి లేదు, దబదబమని గాలి మోతే.

"ఇదేందిరా, రేకుల షెడ్డు మీద ఎవరో గునపంతో పొడస్తున్నట్టుండాది!" అంది అక్క.

మర్నాడు ఆమె మంచం పక్కనే ప్రయోగం మొదలైంది. టేబుల్ ఫ్యాను ముందు మైకు పెట్టాను. అక్క అవతల కూర్చుని పేపరు పైకి చదివింది. మైకుతో వచ్చిన స్పాంజి టోపీ ఫ్యాను గాలిని ఆపలేకపోయింది. చేతిరుమాలు చుట్టినా మోత పోలేదు. ఉన్ని మేజోడు తొడిగితే మోత తగ్గింది గానీ, అక్క గొంతు బావిలోంచి వచ్చినట్టయింది.

"గాలిని ఆపాల, మాటని ఆపకూడదు. మాట వచ్చేది కూడా గాలిలోనే గదా. మరెట్టా?"

అక్క తన మంచానికి కట్టిన దోమతెర వైపు చూసింది.

"దీంట్లో పడుకుంటే ఫ్యాను గాలి సగం తగలదు. నువ్వు వసారాలో మాట్లాడేది మాత్రం బాగా వినపడతాది. తెర నాకు ఆనుకోని ఉండదు, అందుకేనేమో."

టీ వడకట్టే చిన్న జాలీలు రెండు తెచ్చి, ఒకదాని మీద ఒకటి బోర్లించి, గుండ్రంగా కట్టాను. మధ్యలో మైకు దేనికీ తగలకుండా దారాలతో వేలాడదీశాను. ఈసారి గొంతు స్పష్టంగా వచ్చింది, ఫ్యాను మోత చాలావరకు పోయింది. అయినా సరస్సు గాలి ఫ్యానులా ఒక్క వైపు నుంచే వీయదు. బయట టీవీ వాళ్ళ మైకులకు బొచ్చు ఉండడం ఇద్దరం చూసినవాళ్ళమే. మేనకోడలి పాత బొచ్చు బొమ్మలు అటక మీద నుంచి దించాను. అక్క ఒక్కొక్కదాని కుట్టు విప్పి, గుడ్డ నోటికి పెట్టుకుని ఊదింది. ఎలుగుబంటి గుడ్డ దళసరి, ఊపిరి అవతలికి పోలేదు. కుందేలు గుడ్డ పలచన.

"ఇది పోనిస్తాది," అని జాలీలకు తొడుగు కుట్టడానికి సూది అడిగింది.

రెండోసారి సరస్సు దగ్గర ఆ కర్రకు దాన్ని కడుతుంటే చేపలాయన పడవ ఆపి చూశాడు.

"ఏంది సార్, ఎలుకను ఉరి తీస్తా ఉండారా?"

సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "రోజూ వింటానే ఉంటా గానీ, వాటిని ఇంకొకరు వినాలనుకుంటారని అనుకోలా," అంటూ పక్షులు బెదరకుండా పడవను చుట్టు తిప్పి తీసుకుపోయాడు.

ఇంటికొచ్చి ఇయర్‌ఫోన్లు చెరొకటి చెవిలో పెట్టుకున్నాం. గాలి ఎక్కడో దూరంగా సన్నగా ఉంది. దాని మీద గొంతులు, బాతుల్లా, ముక్కుతో మాట్లాడుతున్నట్టు. ఒకటి అరిస్తే పది అందుకుంటున్నాయి. అంత నాజూకు పక్షి తీయగా పలుకుతుందని నేను ఊహించుకున్నాను. అక్క కడుపు పట్టుకుని నవ్వింది.

"మన నిమ్మకాయల మార్కెట్లో వేలం పాట మాదిరుండాది గదరా!"

నవ్వు ఆగాక మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది. ఈసారి కళ్ళు మూసుకుని విన్నది. కాసేపటికి నా చేయి పట్టుకుంది.

"అరుపుల కింద ఇంకోటేదో ఉండాది, విను. బుడబుడమని. బురదలో ముక్కు పెట్టి తింటా ఉండాయా అవి?"

సౌండు పెంచాను. అవును, ఉంది.