గుంటూరుకు తొమ్మిది మజిలీలు

మంచం దగ్గర్నుంచి మరుగుదొడ్డి తలుపు దాకా ఇరవై మూడు అడుగులు. మామూలుగా నడిస్తే పద్దెనిమిది సెకన్లు పట్టేది. నేను పదకొండులో చేరడం నేర్చుకున్నాను. గొళ్ళెం తీయడానికి రెండు సెకన్లు పోతున్నాయని మూడో రోజున దాన్ని ఊడదీశాను. తలుపు దగ్గరికి వేసి ఉంటే లోపల నేనున్నట్టు. మా ఆవిడ తన అవసరానికి పక్కింటికి వెళ్ళడం మొదలుపెట్టింది. అలా ఆ నాలుగడుగుల గది పూర్తిగా నాదైపోయింది.

తొంభైల చివర్లో ఒక మిరప కోతల కాలం అది. నాకప్పుడు నలభై ఆరేళ్ళు. బడి ఏడో తరగతితో ఆగింది గానీ లెక్కలు ఆగలేదు. పాత పుస్తకాలు సంపాదించి సొంతంగా నేర్చుకున్నాను. ఎంత వంకర చేనునైనా త్రిభుజాలుగా విడగొట్టి, గొలుసుతో కొలిచి, సెంట్లతో సహా విస్తీర్ణం చెప్పేవాణ్ణి. పత్తికీ మిరపకీ ట్యాంకుకి ఎంత మందు కలపాలో, ఎన్నో రోజున ఏది కొట్టాలో కూడా ఊళ్ళో నన్నే అడిగేవాళ్ళు. నా లెక్క తప్పిందని ఎవరూ అనలేదు. ఆ సంగతి నాకు కొంచెం ఎక్కువే గుర్తుండేది.

జబ్బు కాలి నుంచి మొదలైంది. పత్తికట్టె పీకిన చేలో గొలుసు పట్టుకుని నడుస్తుంటే విరిగిన మోడు ఒకటి చెప్పుని చీల్చుకుని అరికాల్లో దిగింది. చీము పట్టింది. ఊళ్ళో వైద్యం చేసే ఆర్.ఎం.పి. పదిరోజులకి సరిపడా గొట్టం మాత్రలిచ్చాడు. కాలు చక్కగా మానింది. ఎనిమిదో రోజున కడుపు కదిలింది. మొదటిరోజు ఆరుసార్లు, మర్నాడు పదకొండు, నాలుగో రోజుకి పంతొమ్మిది. అంతా నీళ్ళూ జిగురూ. అంతకు ముందెన్నడూ ఎరగని వాసన. పొత్తికడుపులో ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టు మెలిపెట్టేది.

ఆర్.ఎం.పి. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు. ఇంటికొచ్చి నాడి చూసి ఇంకో రకం మాత్రలిచ్చాడు. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది.

"మొండి పురుగన్నా ఇది," అన్నాడు. "కంపెనీ మారుద్దామా?"

"కంపెనీ కాదు, మందే మార్చు," అన్నాను. "ఒకే మందు కొడుతుంటే పురుగు అలవాటు పడిపోతుంది. అయిదు రోజులకొకటి మార్చు. తగ్గకపోతే రెండు కలుపు. పత్తికి మనం చేసేది అదేగా."

అతను తల ఊపాడు. వాళ్ళ చేనుకి మందు లెక్క చెప్పేదీ నేనే మరి. ఒక కాగితం మీద గళ్ళు గీసి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ మాత్రో రాసి గోడకి అతికించాను. అచ్చం పత్తి చేనుకి రాసిచ్చే పట్టికలాగే ఉంది. నాలుగు వారాల్లో నాలుగు రకాలు మింగాను. ఆఖరి వారం రెండేసి కలిపి మింగాను. తగ్గలేదు సరికదా, జిగురులో నెత్తురు చారలు కనిపించాయి.

ఎండాకాలం ముదురుతోంది. ప్రతి ఇంటి ముందూ మిరపకాయలు ఆరబోశారు. గాలి తిరిగితే చాలు, ఘాటు గది లోపలికొచ్చేది. అందరికీ తుమ్ములూ దగ్గులూ మామూలే. నాకు మాత్రం తుమ్మంటే భయం పట్టుకుంది. ఒక్క తుమ్ముకి పంచె మార్చుకోవాల్సి వచ్చేది. ముక్కుకి తడి తువ్వాలు కట్టుకుని, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, తుమ్ము రాబోతుంటే పై పెదవిని వేలితో నొక్కిపట్టి కూర్చునేవాణ్ణి. ఎదురింట్లో కాయలు తిరగేసినప్పుడల్లా మా ఆవిడ పరుగెత్తుకొచ్చి కిటికీ మూసేది. మూస్తే ఉక్క, తీస్తే ఘాటు.

పొలం పనులున్న వాళ్ళు వస్తూనే ఉండేవాళ్ళు. నాతోపాటు చదువుకున్న రైతొకడు వాకిట్లో నిలబడి వీధంతా వినబడేలా అరిచాడు.

"ఏరా, ఇంకా లోపలేనా? నా కౌలు చేను కొలిచేదెప్పుడురా?"

"బయటికొచ్చాక!" అన్నాను తలుపు వెనక నుంచి.

"నువ్వు బయటికొచ్చేసరికి కౌలు గడువే అయిపోయేట్టుంది. పోనీ గొలుసు నేను పట్టుకుంటా, అంకెలు అరుస్తా. నువ్వు లోపల్నుంచే గుణించు!"

వీధిలో నవ్వారు. నేనూ నవ్వాను. అతను అన్నంత పనీ చేశాడు. మర్నాడు కొలతలు తెచ్చి తలుపు అవతల నిలబడి చదివాడు. నేను ఇవతల కూర్చుని ఒకెకరా అరవై రెండు సెంట్లని చెప్పాను. అతను వెళ్ళాక ఇకమీదట నా బతుకు ఇదే కొలతలో గడుస్తుందేమో అనిపించింది.

పత్తి తూచే కాటా మా పెరట్లోనే ఉంది. జబ్బుకి ముందు అరవై మూడు కిలోలుండేవాణ్ణి. అయిదు వారాలకి యాభై రెండుకి వచ్చాను. అంటే రోజుకి మూడొందల గ్రాముల పైచిలుకు. ఆ గీతని కాగితం మీద ముందుకి పొడిగించి చూశాను. ముప్పయ్యయిదు కిలోల మగమనిషిని నేనెక్కడా చూడలేదు. నా గీత ఆ అంకె దగ్గరికి మే నెలాఖరులో చేరింది. కాగితం చించేశాను. మా ఆవిడ చూడలేదనే అనుకున్నాను.

ఆర్.ఎం.పి. కూడా చేతులెత్తేశాడు. "నావల్ల కాదన్నా. గుంటూరులో కడుపు డాక్టరు దగ్గరికి పోవాల. ఆలస్యం చెయ్యమాక," అన్నాడు.

మా ఊరి నుంచి గుంటూరు నలభై ఆరు కిలోమీటర్లు. బస్సులో గంటా నలభై నిమిషాలు. నేను ఒకసారి వెళ్ళొచ్చాక మళ్ళీ వెళ్ళేలోపు వ్యవధి అయిదు రోజులుగా రాస్తున్నాను. సగటున ముప్పయ్యేడు నిమిషాలు వచ్చింది. కానీ సగటు ఇక్కడ పనికిరాదు. అన్నిటికన్నా తక్కువ ఎంతో అదే చూసుకోవాలి. అది పదకొండు నిమిషాలు. వంద నిమిషాల ప్రయాణానికి పదకొండు నిమిషాల మనిషి ఎలా వెళ్తాడు? దారిలో దిగి పొలంలోకి పోవచ్చు కదా అన్నారు. ఆ కాలంలో చేలనిండా కూలీలే, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. చాటున్న చోటు ఎక్కడ? పైగా లేచి నిలబడే బలం లేదు.

వ్యవధి పెంచాలి, అంతే. విరేచనాలు బిగబట్టే మాత్రలు తెప్పించాను. రెండు వేసుకున్నాను, ఆగలేదు. నాలుగు వేసుకున్నాను. ఆ పూట రెండు గంటల పది నిమిషాలు ఆగింది. గెలిచాననుకున్నాను. సోమవారం ప్రయాణమన్నాను. ఆదివారం పొద్దుటికి కడుపు డప్పులా ఉబ్బింది. చెయ్యి వేస్తే నొప్పి. జ్వరం నూట మూడు. ఇప్పుడు వ్యవధి చాలినంత ఉంది, మంచం దిగే శక్తి లేదు. భయపడి మాత్రలు ఆపేశాను, కాసేపటికే కడుపు మళ్ళీ కదిలింది.

మా ఆవిడ మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"ఏవండీ, మీ లెక్క నాకు అర్థం కాలేదు. గుంటూరు దాకా ఆగాలని ఎవరన్నారు?"

"దారిలో ఎక్కడ దిగుతాం?"

ఆమె వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. మెయిన్‌రోడ్డు ఎక్కగానే తన పిన్ని కూతురిల్లు, మరుగుదొడ్డి పెరట్లో ఎడంపక్కన ఉంటుంది. తర్వాత పెట్రోలు బంకు, వెనకాల తాళం వేసి ఉంటుంది, అడిగితే ఇస్తారు. ఆ తర్వాత రిటైరైన టీచరమ్మగారిల్లు. పరుపులు కుట్టే సాయిబుగారిల్లు. పత్తి మిల్లు ఆఫీసు. పాస్టరుగారిల్లు. అలా తొమ్మిది చెప్పింది. ఏ రెండిటికీ మధ్య ఆటోలో పది నిమిషాలకి మించదు.

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"పెళ్ళికో, పరామర్శకో ఇంట్లోంచి కాలు బయటపెట్టే ముందు ఆడవాళ్ళం కనుక్కునేది అదేగా. ఎక్కడా లేదంటే పొద్దున్నించీ మంచినీళ్ళు కూడా తాగకుండా బస్సెక్కుతాం. మీకు నెల నుంచే కదండీ ఈ బాధ."

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఎన్నిసార్లు ఆమెని ఆ రోడ్డు మీద తీసుకెళ్ళానో లెక్క చెప్పగలను. ఒక్కసారి కూడా ఈ మాట అడగలేదు. నేను దూరాన్ని మొత్తంగా పట్టుకుని దాని ముందు కూర్చున్నాను. ఎంత వంకర చేనునైనా ముక్కలు చేసేవాణ్ణి, రోడ్డుని ముక్కలు చెయ్యాలని తోచలేదు.

ఆ మధ్యాహ్నమే బయల్దేరాం. ఆటో ఆమెకి తమ్ముడి వరసైన వాడిది.

"బావా, నోటితో చెప్పే పని పెట్టుకోకు. వేలెత్తు చాలు, బ్రేకేస్తా," అన్నాడు. "సీటు సంగతి కూడా ఆలోచించకు. దీంట్లో గేదెదూడని కూడా తీసుకెళ్ళా."

మొదటి రెండు చోట్లా అక్కర్లేకపోయింది. మూడో చోట టీచరమ్మగారింట్లో దిగాను. నేను తిరిగొచ్చి ఆటోలో కూలబడ్డాక మా ఆవిడ లోపలికి వెళ్ళింది. పలకరించడానికేమో అనుకున్నాను. సాయిబుగారింటి దగ్గరా అలాగే జరిగింది. ఆ ఇల్లాలు మమ్మల్ని చూడగానే, "ముందు లోపలికెళ్ళండన్నయ్యా, పలకరింపులు తర్వాత," అంది. నేను బయటికొచ్చేసరికి మా ఆవిడ చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఒక చేత్తో చీపురు, ఇంకో చేత్తో బ్లీచింగ్ పొట్లం పట్టుకుని గుమ్మంలో ఉంది. సంచిలో బట్టలే ఉన్నాయనుకున్నాను. తొమ్మిది పొట్లాలు కట్టి తెచ్చింది. నేను వాడిన ప్రతి చోటా కడిగి వస్తోంది. నన్ను చూసి, "మీరు పదండి, ఎండలో నిలబడకండి," అంది.

తొమ్మిదిట్లో ఆరు వాడాను. గుంటూరు చేరేసరికి మూడు గంటలు పట్టింది.

గోడ మీది నా పట్టిక చించి వెంట తెచ్చుకున్నాను. డాక్టరు దాన్ని తీసుకుని చదివాడు.

"ఇన్ని మందులు ఎవరు రాశారు?"

"మా ఊరి ఆర్.ఎం.పి. ఇచ్చాడండీ. నేను చెబితేనే ఇచ్చాడు."

కోప్పడలేదు. గొట్టంతో లోపలికి చూసే పరీక్ష చేసి, పేగు గోడకి పసుపు పచ్చటి పొర అక్కడక్కడ పట్టిందన్నాడు. కాలికి వాడిన మందు, కడుపులో ఉండాల్సిన మేలు చేసే క్రిముల్ని కూడా చంపేసిందట. ఖాళీ అయిన చోట ఇంకో చెడ్డది చేరి విషం వదులుతోందట. "మీరు మళ్ళీ మళ్ళీ దానికి చోటు ఖాళీ చేసిచ్చారు. పైగా బిగబట్టే మాత్రలేసి ఆ విషం బయటికి పోకుండా ఆపారు. ఇంకో రెండు రోజులు ఆగుంటే పేగు చిల్లు పడేది," అన్నాడు.

వినగానే పత్తి ఆకుల్ని పీల్చే తెల్లదోమ గుర్తొచ్చింది. నేను చెప్పిన లెక్క ప్రకారం వారం వారం మందు కొట్టిన పత్తి చేలలోనే అది ఎక్కువ పట్టింది. దాన్ని తినే పురుగుల్ని కూడా ఆ మందే చంపేసిందని అప్పుడు తెలియలేదు.

"ఎన్ని రోజుల్లో తగ్గుతుందండీ?" అన్నాను.

"అంకె చెప్పలేను. తగ్గి మళ్ళీ రావొచ్చు కూడా."

అలాగే వచ్చింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాను. పదహారో రోజున మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆటో, మళ్ళీ అవే ఇళ్ళు, నాలుగు చోట్ల దిగడం. ఈసారి ఇంజెక్షన్ సీసాలో మందుని నీళ్ళలో కలిపి తాగించారు. ఇంటికొచ్చాక కూడా ప్రతి కడుపు నొప్పికీ లేచి కూర్చునేవాణ్ణి. జబ్బులో పెరటి గుమ్మం దగ్గరికి లాక్కున్న మంచాన్ని తిరిగి లోపలికి జరపడానికి నాకు ధైర్యం చాల్లేదు.

తొలకరి పడ్డాక డాక్టరు ఒకసారి చూపించుకోమన్నాడు. మూడో ప్రయాణం. పిన్ని కూతురిల్లు దాటాం. బంకు దాటాం. టీచరమ్మగారిల్లు దాటాక నా వేలు లేవకపోవడం చూసి బావమరిది వెనక్కి తిరిగి చూశాడు. సాయిబుగారిల్లు కూడా దాటబోతుంటే ఆ ఇల్లాలు రోడ్డు మీదికి వచ్చేసింది. ఆమె వెనక గుమ్మం పక్కన బకెట్టు నిండా నీళ్ళున్నాయి.

"ఆగండాగండి! కబురందిందని పొద్దున్నించీ నీళ్ళు పెట్టుకుని కూర్చున్నా. మా ఇల్లు అంత చేదైపోయిందా అన్నయ్యా?"

"ఇవాళ అవసరం పడలేదమ్మా."

"పడకపోతే మంచిదే. అవసరముంటేనే వస్తారా ఏంటి? దిగండి, మజ్జిగ తాగి పొండి."

దారిలో ఏదైనా తాగడం అప్పటికి నాలుగు నెలలుగా లేదు. గ్లాసు చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించాను. తర్వాత తాగాను. ఏమీ కాలేదు. పావుగంట గడిచింది. ఆటో ఎక్కుదామని లేచాను.

మా ఆవిడ లేవలేదు. ఆమె కూడా ఒక గ్లాసు మజ్జిగ, దాని మీద చెంబెడు మంచినీళ్ళు తాగింది. మెల్లగా పైట సర్దుకుని, "ఒక్క నిమిషం ఆగండి, నేనూ వెళ్ళొస్తా," అని ఆ బకెట్టు తీసుకుని పెరట్లోకి నడిచింది. మూడు ప్రయాణాల్లో ఆమె తన కోసం ఆటో ఆపించుకోవడం అదే మొదలు.